వంగిపోయిన వేలికి ఏ ఆపరేషన్? ముందు ఏ కీలు వంగిందో చూడండి

నాన్నది నల్లకుంటలో టైలరింగ్ షాపు. నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన కుడి చేతిలో చిటికెన వేలు మెల్లగా లోపలికి వంగడం మొదలైతే ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. కత్తెర ముందుకు పోతుంటే వంగిన వేలు గుడ్డను పట్టుకుని లాగేది. సుద్ద గీత పక్కకు జరిగేది. విసుక్కుని ఎడమ చేత్తో గుడ్డ సర్దుకుని మళ్లీ కత్తిరించేవాడు. అందరం ఒకటే మాట అనుకున్నాం: నరం పట్టేసింది.

ఆ ఒక్క మాట మాకు రెండేళ్లు ఖర్చు పెట్టింది. ఓ క్లినిక్‌లో కూడా అదే మాట చెప్పి, కరెంటు పెట్టి, వేడి పెట్టి, రోజూ నూనెతో మర్దన చేసుకోమన్నారు. పేరు ఎందుకులెండి. ఆ రెండేళ్లలో మొదట్లో వంగని మధ్య కీలు కూడా బిగుసుకుపోయింది. తర్వాత తెలిసింది, అసలు నష్టం అక్కడే జరిగిందని.

ఇది నరమూ కాదు, కండరమూ కాదు. అరచేతి చర్మం కింద, చర్మం జారిపోకుండా పట్టి ఉంచే గట్టి పొర ఒకటి ఉంటుంది. కొందరిలో అది గడ్డకట్టి, తాడులా చిక్కబడి, ఏళ్ల తరబడి కుంచించుకుపోతూ వేలిని అరచేతిలోకి లాక్కుంటుంది. దీన్ని డుపిట్రెన్ కాంట్రాక్చర్ అంటారు. 1831లో పారిస్‌లో దీనికి ఆపరేషన్ చేసి వివరించిన సర్జన్ పేరు అది. యాభై దాటిన మగవాళ్లలో ఎక్కువ. ఉంగరం వేలు, చిటికెన వేలు ముందు దెబ్బతింటాయి. ఉత్తర యూరప్ దేశాల్లో బాగా కనిపిస్తుంది, మన దగ్గర తక్కువ. అందుకే ఇక్కడ చూడగానే గుర్తుపట్టేవాళ్లూ తక్కువే. షుగర్ ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ, నాన్నకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1986లో, అమెరికా అధ్యక్షుడు రోనల్డ్ రీగన్ 1989 జనవరిలో దీనికే ఆపరేషన్ చేయించుకున్నారు. ఈ సంగతి చెప్పాక నాన్న కొంచెం తేరుకున్నాడు, పెద్దవాళ్ల జబ్బే వచ్చిందన్నమాట అని.

ముందు ఇది అదేనా అని తేల్చుకోండి

వేలు వంగిన ప్రతిసారీ ఇదే కాదు. ఆపరేషన్లు పోల్చుకునే ముందు ఇంట్లోనే కొన్ని చూసుకోవచ్చు. అరచేతిలో వేలి దిశగా పొడుగ్గా తాడులాంటిది చేతికి తగులుతుందా? పక్కన చర్మం గుంట పడిందా? మణికట్టు ఎటు వంచినా వేలు అంతే వంగి ఉంటుందా? మూడింటికీ అవునంటే చాలావరకు ఇదే.

మణికట్టును లోపలికి వంచగానే వేళ్లు తెరుచుకుని, పైకి ఎత్తగానే మళ్లీ ముడుచుకుపోతుంటే కథ వేరు. మోచేతి దగ్గర ఎముక విరిగినప్పుడు బిగుతుగా కట్టు కట్టేసి, రక్తం ఆడక ముంజేతి కండరాలు చచ్చుబడితే అలా అవుతుంది. వేలు టక్‌మని ఇరుక్కుని, టక్‌మని విడిపోతుంటే అది ట్రిగ్గర్ ఫింగర్, చాలా చిన్న సమస్య. చిటికెన వేలు, ఉంగరం వేలు కొంకిలా వంగి, ఎడమ చేత్తో తెరిస్తే సులువుగా తెరుచుకుంటూ, ఆ వైపు స్పర్శ తగ్గి ఉంటే మాత్రం నిజంగానే నరం సమస్య. కుష్ఠు కూడా కారణం కావచ్చు కాబట్టి సిగ్గుపడి దాచుకోకండి. కూకట్‌పల్లిలోని శివానంద రిహాబిలిటేషన్ హోమ్ ఆ వ్యాధికి దశాబ్దాలుగా వైద్యం చేస్తోంది. ఇక కాలిన గాయాల తర్వాత వేళ్లు అతుక్కుని వంగిపోవడం మన దగ్గర ఎక్కువగా చూసేదే. అక్కడ కొరత చర్మానిది, కాబట్టి ఆ ఆపరేషన్ల లెక్క వేరు. ఇక్కడ చెప్పేది తాడు కట్టిన వేలి గురించే.

రెండు కీళ్లు, రెండు కథలు

సర్జన్ దగ్గరికి వెళ్లగానే మేం అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఆపరేషన్ మంచిది సార్?" ఆయన జవాబు చెప్పలేదు. నాన్న చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, చిన్న ప్లాస్టిక్ కోణమానినితో ఒక్కో కీలూ కొలిచి కాగితం మీద రాశాడు. చిటికెన వేలు: మొదలు కీలు 60 డిగ్రీలు, మధ్య కీలు 70. ఉంగరం వేలు: మొదలు కీలు 50, మధ్య కీలు నిటారు. "పెద్దాయనా, మీకు రెండు జబ్బులున్నాయి అనుకోండి" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

మొదలు కీలంటే వేలు అరచేతికి కలిసే చోటు. అది వంగి ఉన్నప్పుడు పక్కన ఉండే లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టే పట్టీలు, సాగి ఉంటాయి. అందుకని ఏళ్లు గడిచినా, తాడు తెగగానే కీలు సాధారణంగా పూర్తిగా తెరుచుకుంటుంది. మధ్య కీలు అలా కాదు. వంగి ఉన్నకొద్దీ దాని లోపలి వైపు పొరలు, లిగమెంట్లు కుదించుకుపోయి అదే తన ఆకారం అనుకుంటుంది. తాడు తీసేసినా కీలు తెరుచుకోదు. పైగా వేలి మధ్యలోకి వచ్చేసరికి తాడు కొన్నిసార్లు నరం చుట్టూ మెలిక తిరిగి, నరాన్ని మధ్యకు, చర్మం దగ్గరికి లాగేస్తుంది. అక్కడ చూడకుండా కోస్తే నరం తెగే ప్రమాదం ఉంటుంది.

అందుకే సర్జన్లు మొదలు కీలుకు దాదాపు 30 డిగ్రీలు దాటేదాకా ఆగుతారు, మధ్య కీలు వంగడం మొదలైతే మాత్రం తొందరపడతారు. అరచేయి బల్ల మీద పూర్తిగా ఆనకపోతే చూపించుకోండి అనేది పాత గుర్తు. మన భాషలో అయితే నమస్కారం పెట్టి చూసుకోండి. రెండు చేతుల మధ్య చిటికెన వేలు అడ్డం పడుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే టైమొచ్చింది. కేవలం గడ్డ ఉండి వేలు నిటారుగా ఉంటే ఆపరేషన్ వద్దు. గడ్డ తీసేయమని బతిమాలేవాళ్లుంటారు, టెన్షన్ కొద్దీ. అది తప్పు. కోతే ఆ జబ్బును రెచ్చగొట్టొచ్చు.

సూదితో తాడు తెంపడం

ఇది ఓపీడీలోనే అయిపోతుంది. అరచేతిలో కొద్దిగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మామూలు సూది మొనతోనే తాడును రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా కోస్తారు. తర్వాత వేలిని లాగితే లోపల తాడు తెగిన చప్పుడు మనకే వినిపిస్తుంది. చిన్న కట్టుతో అదే రోజు ఇంటికి, కొద్ది రోజుల్లో మామూలు పనులకు. వేలి చర్మం అక్కడక్కడా చిట్లొచ్చు, అది మానిపోతుంది. నరానికో, వేలిని వంచే టెండన్‌కో దెబ్బ తగలడం అరుదు, కానీ ఉంది. ఎంత మత్తు ఇస్తారనేది కూడా ముఖ్యమే. నరం మొద్దుబారకుండా చర్మానికి మాత్రమే ఇస్తే, సూది నరం దగ్గరికి పోయినప్పుడు రోగికి జిల్లుమంటుంది, డాక్టర్ ఆగుతాడు.

దీనిలో చిక్కు ఒకటే, తాడు లోపలే ఉంటుంది. 2012లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఐదేళ్లకు సూది చేయించుకున్నవాళ్లలో 85 శాతం మందికి వేలు మళ్లీ వంగింది. కోసి తాడు తీయించుకున్నవాళ్లలో అది 21 శాతం. అంకె చూస్తే భయమేస్తుంది. కానీ సూదితో తెంపడం మళ్లీ మళ్లీ చేయించుకోవచ్చు, ప్రతిసారీ నెలల తరబడి చెయ్యి పక్కన పెట్టుకోనక్కర్లేదు. ఎనభై ఏళ్ల పెద్దాయనకు, గుండెకు స్టెంట్ వేసుకుని మత్తుకు భయపడేవాళ్లకు, ఒక్క మొదలు కీలే వంగినవాళ్లకు నేనైతే ముందు ఇదే అడగమంటాను. మధ్య కీలు బాగా వంగినవాళ్లకు దీని మీద ఆశ పెట్టుకోవద్దంటాను.

ఇంజెక్షన్ సంగతి

డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, ఆపరేషన్ ఎందుకురా, ఇంజెక్షన్ ఉంది కదా అన్నాడు. ఉంది. తాడును కరిగించే కొలాజినేస్ అనే ఎంజైమ్, అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాతి రోజుల్లో వేలిని లాగి తాడు తెంపుతారు. యూరప్ మార్కెట్ నుంచి మాత్రం కంపెనీ వ్యాపార కారణాలతో తప్పుకుంది. ఇక్కడ మేం కలిసిన ఏ డాక్టరూ దాన్ని ఆప్షన్‌గా చెప్పలేదు. అయినా దాని కోసం కుమిలిపోనక్కర్లేదు. 2024లో వచ్చిన ఫిన్లాండ్ ట్రయల్‌లో సర్జరీ, సూది, ఇంజెక్షన్ మూడింటినీ పోల్చారు. మూడు నెలలకు మూడూ దాదాపు సమానం. రెండేళ్లకు మంచి ఫలితం నిలిచింది సర్జరీలో 78 శాతం మందికి, ఇంజెక్షన్‌లో 65, సూదిలో 50. అంటే తేడా మొదటి వారాల్లో తెలియదు. సూది చేయించుకున్న పక్కింటాయన నెల తిరక్కుండా చెయ్యి చాపి చూపిస్తే దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకండి.

కోసి తాడు తీసేయడం

బాగా వంగిన వేలికి ఇప్పటికీ ప్రధానమైన ఆపరేషన్ ఇదే. నాన్నకు చేసిందీ ఇదే. చంక దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి మొత్తం మొద్దుబారుస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. భుజం కింద పట్టీ బిగించి రక్తం ఆపి, సర్జన్ కళ్లకు భూతద్దాలు పెట్టుకుని, అరచేతి నుంచి వేలి వరకు వంకరటింకర గీతలో కోస్తారు. నిటారుగా కోస్తే మానిన మచ్చ మళ్లీ వేలిని లాగుతుంది కాబట్టి ఈ వంకర. నరాలను ఒక్కొక్కటే వెతికి పక్కకు తప్పించి, జబ్బు చేసిన పొరను మాత్రమే తీస్తారు. గీత ఎందుకు వంకర అని నాన్న బల్ల మీద పడుకునే అడిగాడట. "మీరు చంక దగ్గర గుడ్డ క్రాస్‌గా ఎందుకు కోస్తారో అందుకే" అన్నాడట సర్జన్. ఆయన సమాధానం నాన్నకు మా అందరి ధైర్యవచనాల కంటే ఎక్కువ పనిచేసింది.

నష్టాలు కూడా నిజమైనవే. వేలి చివర తిమ్మిరి, గాయంలో రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, చర్మం అంచు నల్లబడటం, చలికి వేలు సలపడం, కొద్దిమందిలో చెయ్యంతా వాచి బిగుసుకుపోవడం. ఏళ్లుగా ముడుచుకున్న వేలిని ఒక్కసారి నిటారుగా లాగితే రక్తనాళం కూడా సాగి, వేలు పాలిపోవచ్చు. అందుకే బాగా వంగిన కేసుల్లో సర్జన్ పూర్తిగా నిటారు చేయకుండా కావాలనే కొంచెం వదిలేయొచ్చు. అది చేతకానితనం కాదు. షుగర్ అదుపులో లేకపోతే తేదీ వాయిదా వేయమనండి. మాకు అలాగే మూడు వారాలు వెనక్కి జరిపారు, చిరాకు పడ్డాం కానీ గాయం చక్కగా మానింది.

ఇందులోనే ఒక పాత పద్ధతి ఉంది. అరచేతిలో అడ్డంగా కోసి ఆ గాయానికి కుట్లు వేయకుండా వదిలేయడం. 1964లో మెక్‌కాష్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చాడు. తెరిచి ఉన్న గాయం చూస్తే ఇంట్లోవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కానీ రక్తం లోపల నిలవదు, నొప్పి తక్కువ, వేళ్లు వెంటనే కదిలించొచ్చు, కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. రోజూ డ్రెస్సింగ్ చేసే మనిషి ఇంట్లో ఉంటేనే ఒప్పుకోండి.

చర్మం కూడా తీసి, కొత్త చర్మం వేయడం

తాడు చర్మానికే అతుక్కుపోయినప్పుడు, ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చినప్పుడు ఆ చర్మాన్ని కూడా తీసేసి, ముంజేయి నుంచో చేతి లోపలివైపు నుంచో తీసిన పూర్తి మందం చర్మాన్ని అతికిస్తారు. అతికించిన చర్మం కింద జబ్బు మళ్లీ రావడం చాలా తక్కువ. బదులుగా రెండు చోట్ల గాయం, వారానికి పైగా వేలు కదపకుండా ఉంచడం, చర్మం పట్టుకుంటుందా లేదా అనే దిగులు. యాభై లోపే మొదలైనవాళ్లు, రెండు చేతులకూ ఉన్నవాళ్లు, తండ్రికో అన్నకో ఉన్నవాళ్లు, వేళ్ల వెనక కణుపుల మీద గట్టి దిమ్మలు లేదా అరికాల్లో గడ్డలు ఉన్నవాళ్లు దీని గురించి ముందే అడగడం మంచిది, వాళ్లలో జబ్బు మొండిగా తిరగబెడుతుంది. అరవై దాటాక మొదటిసారి వచ్చినవాళ్లకు సాధారణంగా ఇంత దూరం అక్కర్లేదు.

మధ్య కీలు పూర్తిగా బిగుసుకుంటే

ఇక్కడ డాక్టర్లు మాటలు ఆచితూచి వాడతారు, మనం సూటిగా అడగాలి. తాడు తీశాక కీలు లోపలి పొరల్ని కూడా విడదీయొచ్చు. కొంత తెరుచుకుంటుంది, కొంత మళ్లీ ముడుచుకుంటుంది. ఎముకకు పిన్నులు వేసి బయట చిన్న ఫ్రేమ్ బిగించి, కొన్ని వారాలు మెల్లగా సాగదీసి, ఆ తర్వాత ఆపరేషన్ చేసే పద్ధతీ ఉంది. ఓపిక కావాలి, పిన్నుల దగ్గర శుభ్రత కావాలి. ఇవేవీ కుదరకపోతే కీలును పనికొచ్చే కోణంలో శాశ్వతంగా అతికించేయడం. వేలు వంగదు, చాపుకోదు, కానీ అడ్డం రాదు, నొప్పి ఉండదు.

ఆఖరిది వేలు తీసేయడం. మాట వినగానే అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. కానీ అరచేతిలో గుచ్చుకుని, లోపల చెమట పట్టి పుండు పడి, ముఖం కడుక్కుంటే కంట్లో పొడిచే చిటికెన వేలితో, అదీ రెండుసార్లు ఆపరేషన్ అయ్యాక, బతకడం కంటే అది లేకపోవడమే హాయి అనుకునేవాళ్లున్నారు. పట్టు కొంత తగ్గుతుంది. మొదటి ఆపరేషన్‌గా దీన్ని ఎవరైనా చెబితే మాత్రం ఇంకో అభిప్రాయం తీసుకోండి.

హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి

ఎముకల డాక్టర్ కావచ్చు, ప్లాస్టిక్ సర్జన్ కావచ్చు, చేతి ఆపరేషన్లే ప్రధానంగా చేసేవాళ్లయితే చాలు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో విడిగా హ్యాండ్ సర్జన్లు ఉంటారు. అడగాల్సింది ఇంతే: ఈ జబ్బుకే ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారు, నా వేలికి ఏ కీలు ఎన్ని డిగ్రీలు తెరుచుకోవచ్చు, ఆపరేషన్ తర్వాత చేతికి వ్యాయామాలు చేయించే హ్యాండ్ థెరపిస్ట్ మీ దగ్గర ఉన్నారా. మూడోదానికి లేదంటే నేను వెనక్కి వచ్చేస్తాను.

డబ్బు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అయితే పరిమితి ఎంతన్నది కాదు, మీ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందన్నదే ముఖ్యం. ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి. సొంత ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు సూది చికిత్సను ఓపీడీ కింద లెక్కేసి క్లెయిమ్ ఇవ్వరా, అదే రోజు ఇంటికి పంపే డే కేర్ జాబితాలో ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎస్టిమేట్‌లో స్ప్లింట్ (వేలిని చాపి ఉంచే పట్టీ), థెరపీ ఖర్చు కలిపి ఉండదు, విడిగా అడిగితేనే చెబుతారు.

ఆ తర్వాత

కుట్లు రెండు వారాల్లో తీశారు. చెయ్యి పనికి రావడానికి ఆరు వారాలు పట్టింది. పిడికిలి పూర్తిగా బిగిసి కత్తెర గట్టిగా పట్టుకునేసరికి మూడు నెలలు. రాత్రిపూట స్ప్లింట్ అందరికీ ఇవ్వడం వల్ల అదనపు లాభం లేదని బ్రిటన్‌లో జరిగిన ట్రయల్ 2011లో తేల్చింది. వేలు మళ్లీ వంగడం మొదలైతేనే వాడితే సరిపోతుంది. నాన్నకు మధ్య కీలు మొండికేయడంతో ఇచ్చారు. దాన్ని రోజూ పెట్టుకుని, షాపులో పాత లైనింగ్ గుడ్డతో దానికో తొడుగు కూడా కుట్టుకున్నాడు, గరుకుగా ఉందని.

ఉంగరం వేలు పూర్తిగా నిటారయింది. చిటికెన వేలి మధ్య కీలులో 25 డిగ్రీల వంపు మిగిలింది. అది ఆ రెండేళ్ల మర్దన బాకీ. గుడ్డను మాత్రం ఇప్పుడు లాగడం లేదు.

ఈ మధ్య ఎడమ అరచేతిలో, ఉంగరం వేలి కింద చిన్న గుంట కనిపించింది. నెలకోసారి కటింగ్ టేబుల్ మీద చెయ్యి బోర్లా పెట్టి, కింద సందులోకి స్కేలు దూర్చి చూసుకుంటాడు. మొదలు కీలు ఒక్కటే వంగుతోంది, ఇంకా ఇరవై డిగ్రీలు కూడా లేదు. ముప్ఫై దాటితే ఈ చేతికి సూదే చేయించుకుంటానని, పండగ సీజన్ కాకుండా చూసుకుని వెళ్తానని, సర్జన్‌కు ఫోన్ చేయకముందే మాకు చెప్పేశాడు.